బూట్లకు చోటు లేని చిరునామా

అయ్యా కీవర్డు నిపుణుడుగారూ, అమ్మా ఆడపడుచుగారూ, అన్నింటికీ పెద్దదిక్కైన బావగారూ! కుడికాలు ఒకటిన్నర అంగుళం పొట్టిగా ఉన్న ఒక రిటైర్డు కండక్టరును తొమ్మిది రోజులు వీధుల వెంట కుంటించింది మీరే. వర్షం కాదు, రోడ్డు గుంతలు కాదు, ఆయన తలరాత అసలే కాదు. మీరూ, మీ సమావేశమూ.

జరిగింది జరిగినట్టు వినండి.

ఆ ఇంటి ముందుగదిలో బూట్లక్క ఇరవై ఏళ్లుగా ఒకే పని చేస్తోంది. రెండు కాళ్లూ సమానంగా లేనివాళ్లకు బూట్లు కుడుతుంది. మనిషిని గోడవారగా నిలబెట్టి, పొట్టికాలి కింద పల్చటి చెక్కలు ఒక్కొక్కటే జరుపుతూ, రెండు బొటనవేళ్లు ఆ మనిషి తుంటి ఎముకల మీద ఆనించి చూస్తుంది. వేళ్లు రెండూ ఒకే మట్టానికి వచ్చాక చెక్కల మందం కొలిచి, అంత మందాన కార్కు పొరలు అతికిస్తుంది. ఇంత చిన్న పనికి ప్రపంచంలో ఎలాంటి గౌరవం ఉండాలో అంతే ఉండేది.

పెద్దాసుపత్రి వాళ్లు తమ బూట్ల విభాగం మూసేస్తూ, ఇకమీదట రోగుల్ని బూట్లక్క దగ్గరికే పంపాలని నిర్ణయించారు. ఇంటినిండా సంతోషం. ఇబ్బంది ఒక్కటే. రోగికిచ్చే చీటీలో ఫోను నంబరుకు గడి లేదట. వీధి పేరుకూ లేదట. వెబ్‌సైట్‌కు మాత్రం ఉందట. సోమవారం మధ్యాహ్నంలోగా వెబ్‌సైట్ పేరు చెప్పకపోతే ఆ గడిలో రెడీమేడ్ బూట్ల కంపెనీ పేరు ఎక్కుతుందని గుమాస్తా చల్లగా చెప్పాడు. రెడీమేడ్ బూట్లలో రెండు కాళ్లూ సమానమే. అది వాళ్ల సమానత్వం.

ఆదివారం మధ్యాహ్నం కుటుంబం సమావేశమైంది. నిపుణుడి కోసం బయట వెతకనక్కర లేకపోయింది. ఆడపడుచు భర్త, అంటే ఆ ఇంటి అల్లుడుగారు, ఆ కీవర్డుల విద్యలో ఆరితేరినవారు. మూడు వారాల ఆన్‌లైన్ శిక్షణ, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్. ఆయన కాలు మీద కాలేసుకుని, జనం ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలే పేరులో ఉండాలని, ఎన్ని ఉంటే అంత మంచిదని సెలవిచ్చారు.

ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా ఎవరు అలుగుతారో చూసుకుని తీసుకుంటారు. ఇదీ అలాగే మొదలైంది. పెద్దవారు కనుక బావగారు ముందుగా "బెస్ట్" అన్నారు, ఎవరూ కాదనకపోయేసరికి "ట్రస్టెడ్" కూడా అన్నారు. తోడికోడలు "ప్రీమియం" ఉండి తీరాలంది. అది తనను ఎత్తిపొడవడానికే అన్న మాటని ఆడపడుచుకు అర్థమై "అఫర్డబుల్" పడేసింది, కోపం తగ్గక "హోమ్", "ఫ్యామిలీ" కూడా కలిపింది. అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న బూట్లక్క భర్త కళ్లు తెరిచి "ఫాస్ట్" అని మళ్లీ మూసుకున్నాడు. అల్లుడుగారు వృత్తిరీత్యా "కంఫర్ట్", "కేర్", "సొల్యూషన్స్" అనుగ్రహించారు.

టీలు అందిస్తున్న బూట్లక్క, చివర్న "షూస్" అని కూడా పెడితే బాగుంటుందేమో అని నెమ్మదిగా అంది. పెట్టారు. ఆమె మాట కాదనలేదు, అది చరిత్రలో నమోదు కావాలి.

అప్పుడు కంప్యూటరు మొరాయించింది. అరవై మూడు ఇంగ్లిషు అక్షరాలు దాటితే పేరు చెల్లదట. వీళ్లది అరవై ఏడు. ఒక్క మాట తీసేయాలి.

బెస్ట్ తీస్తే బావగారు భోజనం మానేస్తారు. ప్రీమియం తీస్తే తోడికోడలు పుట్టింటికి ఫోను చేస్తుంది. హోమ్ తీస్తే ఆడపడుచు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అల్లుడుగారి మాట తీయడమంటే అల్లుణ్ణి గుమ్మం బయట నిలబెట్టినట్టే. ఆ గదిలో అలగడం చేతకాని మనిషి ఒక్కతే ఉంది, ఆమె చేతిలో ట్రే ఉంది. అందరి చూపులూ ఆమె మీదికే తిరిగాయి.

"చెల్లెమ్మా," అన్నారు అల్లుడుగారు, రోగికి ధైర్యం చెప్పే డాక్టరులా. "షూస్ అనే మాట మీద పెద్ద పెద్ద కంపెనీలు కూర్చుని ఉన్నాయి. వాటితో మనం పోటీ పడలేం. పోటీ లేనిచోట నిలబడటమే తెలివి."

"బూట్లు కుట్టేదాన్ని అన్నయ్యా," అంది ఆమె. "ఇంకెక్కడ నిలబడను?"

"నువ్వు నిలబడక్కర్లేదమ్మా, మేమున్నాం కదా," అన్నారు బావగారు.

అలా బూట్ల పేరులోంచి బూట్లు వెళ్లిపోయాయి. అరవై రెండక్షరాలు నిలిచాయి. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, కొన్నిటికి ఆమె కూడా కొట్టింది.

సోమవారం గుమాస్తా ఆ పేరును గడిలో ఎక్కించాడు. గడిలో ముప్పై అక్షరాలే పడతాయి. మిగతావి కంప్యూటరు తనంతట తనే కత్తిరించింది. చీటీ మీద బెస్ట్, ట్రస్టెడ్, ప్రీమియం, అఫర్డబుల్ అన్నీ వచ్చాక చివర "హో" దగ్గర ఆగింది. గుమాస్తా తన పొరపాటేమీ లేదని సంతకం పెట్టి, చీటీలు కట్టలకొద్దీ అచ్చు వేయించాడు.

వెబ్‌సైట్ మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒకాయన ఇల్లు మారాలి, సామాన్లకు లారీ పంపమన్నాడు. ఒకావిడ మంచం పట్టిన తల్లికి నర్సు కావాలంది. ఇంకో ఆవిడ మొగుడు ఆరు నెలలుగా మాట్లాడటం లేదని, ఫ్యామిలీ సొల్యూషన్ చెప్పమని ఏడ్చింది. పెట్టేయడానికి మనసొప్పక బూట్లక్క ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అంచు కుడుతూ నలభై నిమిషాలు విన్నది. ఆ నలభై నిమిషాలకు అల్లుడుగారు గ్రాఫు గీసి, ఇంతటి ఆదరణ తన అనుభవంలోనే చూడలేదని ప్రకటించారు. నెల మొత్తంలో బూట్ల కోసం వచ్చిన ఫోను ఒక్కటీ లేదు. అది గ్రాఫులో కనబడదు, దానికి గీత లేదు.

ఒక ఉదయం గుమ్మంలో కండక్టరు నిలబడ్డాడు. పొట్టికాలి బూటు అడుగు ఊడిపోయి తాడుతో కట్టి ఉంది. చీటీలో ఉన్న పేరు ఫోనులో కొడితే పరుపుల కొట్టు వచ్చిందట, లోన్లిచ్చేవాళ్లు వచ్చారట. ఆఖరికి కాళ్లనే నమ్ముకుని, గుమ్మం గుమ్మం అడుగుతూ వచ్చాడు. ఈ వీధిలోకే రెండుసార్లు వచ్చాడు, పైన ఆ పేరుతోనే కట్టిన కొత్త బోర్డు చదివి ఇదేదో ఆఫీసనుకుని వెళ్లిపోయాడు.

"అమ్మా, నేను ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టాను," అన్నాడు కూర్చుంటూ. "సగం ఊరి పేరు కొట్టి ఎవరికీ ఇవ్వలేదు."

బూట్లక్క చెక్కలు తెచ్చి ఆయన కాలి కింద పెట్టింది. తుంటి మీద వేళ్లు ఆనించేసరికి, ఇన్నాళ్ల నడకకు నడుము ఎంత వంకరపోయిందో వేళ్లకు తెలిసింది. ఈ నెలలో తనతోపాటు ఇంకెంతమందికి చీటీలిచ్చారో గుమాస్తాను అడిగే వచ్చానని ఆయన చెప్పాడు. పదహారు మందికి.

ఆ సాయంత్రం ఆమె మొదటిసారి టీ పెట్టకుండా సమావేశం పిలిచింది.

"మీ మాటలు మీరు పట్టుకెళ్లండి. నాకు షూస్ ఒక్కటి చాలు."

ఇంట్లో ఎవరూ పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. బావగారు భోజనం మానేశారు. ఆడపడుచు "ఇంత మాటంటావా వదినా" అని గదిలోకెళ్లి తలుపేసుకుంది. పేరుకు ఏడాది అద్దె కట్టేశామని, ఈలోగా రెండో పేరు కోసం కొత్త మాటలు ఆలోచిద్దామని అల్లుడుగారు ప్రతిపాదించారు. చీటీల కట్టలు అయిపోయాకే కొత్తవి వేస్తామని గుమాస్తా కబురు పెట్టాడు. ఈ రాత అచ్చయ్యే సమయానికి ఆ రెండో సమావేశం ఇంకా నడుస్తూనే ఉంది. "ఎక్సలెంట్" దాకా వచ్చారు.

పాఠకులారా, నవ్వుకున్నది చాలు. పైన కనబడ్డదే మంచిదని నమ్మి, రెండో పేజీ తిప్పే ఓపిక లేక నొక్కే మీ బొటనవేలి కోసమే ఆ అరవై రెండక్షరాలు పుట్టాయి. అల్లుడుగారికి మూడు వారాల్లో నేర్పింది మీ వేలి సంగతే.

ఇప్పుడు చేయాల్సింది ఇది. సమావేశం ఆపండి. బోర్డు దించండి. ఆ కట్టలు చింపేసి, చీటీ మీద ఆమె ఏం చేస్తుందో, ఏ వీధిలో చేస్తుందో, ఏ నంబరుకు పలుకుతుందో రాయండి. గడి లేకపోతే పెన్నుతో గీయండి. అది అయ్యాక, నిపుణుడుగారూ, లేచి వీధిలోకి నడవండి. ఆ పదహారు మంది ఎక్కడ కుంటుతున్నారో కనిపెట్టి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని తీసుకురండి. వెతకడం మీకు వచ్చిన విద్యే కదా.