పదివేల గేదెలూ, ఒక పూలవ్వా

పాలల్లో నీళ్లు కలిపితే నేరం. నీళ్లు కూడా కలపకుండా, అసలు గేదే లేకుండా, గాలిలోంచి అరవై నాలుగు వేల లీటర్ల పాలు పుట్టిస్తే? దాన్ని ఆటోమేటెడ్ లోడ్ టెస్టింగ్ అంటారు!

నవ్వకండి. మన పాడి బాగుపడటానికి ఇంతకు మించిన వరం లేదని నిరూపిస్తాను.

ఖమ్మంలో ఒక ప్రైవేటు డెయిరీ. అడవి అంచు తండాల దాకా దానికి పాల సెంటర్లున్నాయి. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో మిషన్ కొలుస్తుంది. ఆ అంకెలు ఖమ్మం చేరి, సభ్యుల పేర్ల పక్కన కూర్చుంటాయి. సిబ్బంది హాజరు కూడా ఆ దారినే వస్తుంది. ఆ దారి పేరు డేటా పైపులైన్. ఏ పని తర్వాత ఏ పనో కేకేసి చేయించే మేస్త్రి లాంటి ప్రోగ్రామ్ ఒకటుంది. ఆ మేస్త్రితనమే ఆర్కెస్ట్రేషన్.

మేస్త్రికి పని నేర్పిన ఇంజనీరు జ్యోత్స్న. ఏన్కూరు పక్క తండా పిల్ల. ఒకేసారి పదివేల మంది పాలు పోస్తే సిస్టమ్ తట్టుకుంటుందా? తేల్చాలంటే లేనివాళ్లను పదివేల మందిని పంపి చూడాలి. అదే లోడ్ టెస్టింగ్. నెలకోసారి తనే పంపేది. మేనేజర్ హఫీజ్‌కు ముచ్చటేసి రోజూ కావాలన్నాడు. దాంతో ఆ పనీ మేస్త్రికే అప్పజెప్పింది. తెల్లారి అయిదింటికి ఉత్తుత్తి పాలు, ఆరింటికి అసలు పాలు, పదింటికి ఉత్తుత్తివాళ్లను తుడిచేయడం!

ఆ పదివేల గేదెలు ఎంత బుద్ధిమంతులో చూడండి! తన్నవు. ఈనవు. పేడ వేయవు. అడవంచుకు తోలితే అటవీశాఖ బీట్ ఆఫీసరుతో పేచీ లేదు. ఎండాకాలం గడ్డి లేదని అలగవు. తలా ఆరు లీటర్ల నలభై పాయింట్లు, ఒక్క చుక్క అటూ ఇటూ కాదు. మీ గేదె అలా ఇస్తుందా?

లేని మనుషులకైనా పేరుండాలి కదా! జ్యోత్స్న వేళ్లకు ముందుగా తగిలిన పేరు నాయనమ్మది. పూలి-1 నుంచి పూలి-10000 దాకా ముద్దుగా పెట్టేసింది. తుడిచే పనికి ఒకే ఆజ్ఞ: టెస్టులో పెట్టిన పేరు, అంటే ‘పూలి’, ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆ రోజు లెక్క తీసెయ్.

ఏడో రోజు పొద్దున ఖాళీ క్యాను పట్టుకుని అసలు పూలి ఖమ్మం ఆఫీసుకొచ్చింది.

"ఏందే జోసనా, వారం సంది పాలు పోస్తున్న. పోయలేదని ఫోన్ల మెసేజ్ కొడతరేంది? మన సెంటర్ కోటేష్ ఏమంటడో తెల్సా? ‘పొద్దుగాల పడుతున్నయ్ అవ్వా, పదింటికి మాయమైతున్నయ్’ అంటడు. గేదె నాదా, దయ్యానిదా?"

వరసగా ఏడు రోజులు పాలు లేకపోతే సభ్యత్వం రద్దు. మధ్యాహ్నం పన్నెండుకు గడువు. సభ్యత్వం పోతే దాణా బస్తా పోతుంది. దాణా లేకపోతే ఈ ఎండల్లో గేదె మిగలదు.

హఫీజ్ తెర మీది ఆకుపచ్చ గుర్తు చూపించాడు. "చూడమ్మా, టెస్ట్ పాస్! పదివేల మందొచ్చినా తట్టుకుంటది మా సిస్టమ్."

"పదివేల మందిని తట్టుకుంటది. మరి నన్నొక్కదాన్ని తట్టుకుంటలేదేంది సారూ?"

ఎంత అమాయకపు ప్రశ్న! ఉన్న మనిషి పోసిన పాలు నిలవకపోతే అది చిన్న పొరపాటు. లేనివాళ్లవి అందకపోతే? కంపెనీ పరువే పోదూ?

జ్యోత్స్నకు తన ఆజ్ఞలోని తప్పు తెలిసింది. "సార్, తుడిచే పద్ధతే మార్చాలి."

"అవ్, మార్చాలె. హెడ్డాఫీసు పర్మిషన్‌కు మూడు వారాలు పడతది."

"టెస్టులో పేరు మార్చుకోవచ్చా?"

"దానికి పర్మిషనెందుకు? ఏ పేరన్నా పెట్టుకో. జల్దీ కానీ."

జ్యోత్స్న మేనేజరు వంక ఒక్కసారి చూసి, ఏదో టైపు చేసింది. కోటేష్‌కు ఫోన్ చేసి పొద్దుటి పాల అంకె మళ్లీ పంపించింది. పదకొండూ యాభై రెండు. పూలవ్వ నిలిచింది.

మర్నాడు పదీ అయిదుకు, కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్న హఫీజ్ ఫోన్ మోగింది. ‘మీరు ఈరోజు ఆఫీసుకు రాలేదు. కారణం తెలపండి.’ కింద హెడ్డాఫీసు ముద్ర!

"జ్యోత్స్నా! నేనీడనే ఉన్న గద!"

"ఉన్నరు సార్. టెస్ట్ కూడా పాసైంది. హఫీజ్-1 నుంచి హఫీజ్-10000 దాకా అందరూ మంచిగొచ్చిండ్రు."

మూడు వారాల పర్మిషన్ పదకొండు నిమిషాల్లో వచ్చింది.

కాబట్టి నా మనవి ఒక్కటే. లోడ్ టెస్టింగ్ ప్రతి ఆఫీసుకూ రావాలి. రోజూ రావాలి. పేర్లు మాత్రం పైనుంచి కిందికి పెట్టుకుంటూ రావాలి!

ఆ సాయంత్రం జ్యోత్స్న నాయనమ్మకు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. అంతా విని పూలవ్వ అడిగింది.

"అయితే నా పేరుమీదున్న గా పదివేల గేదెలు ఏమైనయే?"

"తుడిచేసిన నాయనమ్మా."

"అయ్యో పాపం! పోయేముందు జరంత దాణా అన్న ఏసినవా?"