కొంగ రాయి, పోలమ్మ మడుగు

ఒక పెద్ద అడవిలో తోకలకు రంగు వేయించుకునే మోజు మొదలైంది. కుందేలుకు ఉన్నదే బొటనవేలంత తోక, దానికీ ఎర్రరంగే కావాలట. ఈ మోజు మీద బాగుపడింది కొండముచ్చు పాపారావు. వాగు ఒడ్డున అద్దకం దుకాణం పెట్టి, మిగిలిన రంగునీళ్లన్నీ వాగులోకే వదిలేవాడు.

దుకాణానికి దిగువన ఒక మడుగుంది. అందులో నీటికుక్క పోలమ్మ పిల్లల్ని పెట్టుకుని బతుకుతోంది. నీళ్లు ఎర్రబడ్డాక చేప ముక్కు ముందు నుంచి పోయినా ఆమెకు కనపడేది కాదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక వెళ్లి అడవి సభలో మొరపెట్టుకుంది.

సభాధ్యక్షుడు ఎలుగుబంటి భద్రయ్య. ఒళ్లంతా నలుపు, రొమ్ము మీద మాత్రం తెల్లటి నెలవంక మచ్చ. అది తన పదవికి గుర్తని ఆయన నమ్మకం. పుట్టుమచ్చ కదండీ అని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన పోలమ్మ మొర విని, నీటి అధికారి కొంగ వామనమూర్తిని పిలిచి, ఏదో ఒకటి చేసి ఈ ఏడుపు ఆపించమన్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, వామనమూర్తి మంచి పనే చేశాడు. అడవి పందులు చేల మీద పడి తిని పారేసిన వేరుశనగ తొక్కలు గుట్టలుగా పడున్నాయి. వాటిని కాల్చి బొగ్గు చేసి, ఒక తొట్టిలో నింపి, దుకాణం నీళ్లు అందులోంచి పోయేలా ఏర్పాటు చేశాడు. రంగంతా ఆ తొక్కల బొగ్గు పీల్చేసుకుంది. తొట్టి కింద నుంచి నీళ్లు తేటగా దిగాయి. పోలమ్మ పిల్లలు చాన్నాళ్లకు కడుపునిండా తిన్నారు. పందులైతే తమ చెత్తకు ఇంత విలువ వచ్చిందని తలెత్తుకు తిరిగాయి.

వామనమూర్తి తొట్టి పక్కనే ఒక రాయి వేయించుకున్నాడు. రోజూ పొద్దున్నే దాని మీద ఒంటికాలిపై నిలబడి, దిగే నీళ్లు చూసి, "తేటే" అనేవాడు. పరీక్షంటే అంతే.

కొన్నాళ్లకు బొగ్గు పీల్చగలిగినంతా పీల్చేసింది. నీళ్లు మళ్లీ ఎర్రగా దిగాయి. కొత్త తొక్కలు అడిగితే పందులు బెట్టు చేశాయి, ముందు తమ గుట్టకు సన్మానం జరగాలని. అప్పుడు పాపారావు తల గోక్కుని, వాడిందే మళ్లీ వాడటం కదా ఈ పథకం గొప్ప, ఉన్నదాన్నే కడిగి వేసుకుంటే పోలా అన్నాడు. వామనమూర్తికి ఆ మాట తెగ నచ్చింది.

మరి ఎక్కడ కడగాలి? రాయి దగ్గర కడిగితే పరీక్ష చెడుతుంది. అందుకని పాపారావు కోతులు గంపలు మోసుకెళ్లి, బూడిదనీళ్లు పోసి, పోలమ్మ మడుగులో శుభ్రంగా కడిగాయి. పీల్చిన రంగంతా అక్కడ వదిలింది. మడుగు ఇదివరకటి కంటే ఎర్రబడింది.

పోలమ్మ పరుగున వచ్చింది.

"పిల్లలు పస్తులుంటున్నారయ్యా. ఒక్కసారి వచ్చి మా మడుగు చూడండి."

"నా రాయి ఇక్కడుందమ్మా," అన్నాడు వామనమూర్తి. "మడుగు పరీక్షలోకి రాదు."

నాకైతే ఒళ్లు మండింది. అడవిలో ఎవరికీ మండలేదు. పైగా పథకం గెలిచిందని, వాగు ఒడ్డున పెద్ద సభ పెట్టారు. పందుల గుట్టకు దండ వేశారు. పొగడ్తలు మిట్టమధ్యాహ్నం దాకా సాగాయి. భద్రయ్యకు ఎండ పడదు, చూపూ అంతంతమాత్రమే. మెడలో దండలతోనే లేచి వెళ్లి, పక్కనున్న మడుగులో దిగాడు. బయటికొచ్చేసరికి రొమ్ము మీది నెలవంక గోరింటాకు పెట్టినట్టు పండింది.

మీకు బాగా నప్పిందండీ అన్నాడు పాపారావు. భద్రయ్య వినిపించుకోలేదు.

"నా పదవిని పాడుచేసిందెవరు?" అన్నాడు.

విచారణ వామనమూర్తే జరిపాడు. రాయి దగ్గర నీళ్లు తేట. మడుగులో నీళ్లు ఎరుపు. కాబట్టి రంగు పుట్టింది మడుగులోనే. అక్కడ కాపురముండేది పోలమ్మ. ఆమె నోరు తెరవబోతే, నేరం చేసినవాళ్లు మధ్యలో మాట్లాడకూడదన్నారు.

తీర్పు భద్రయ్య చెప్పాడు. పోలమ్మ మళ్లీ ఈ పని చేయకుండా వామనమూర్తి రాయిని మడుగులోకి మార్చాలి, పొద్దస్తమానం అక్కడే కాపలా నిలబడాలి. ఇంకోసారి ఎరుపు కనపడితే పోలమ్మకు అడవి లేదు, వామనమూర్తికి ఉద్యోగం లేదు.

మర్నాడు కోతులు మామూలుగా గంపలతో వచ్చాయి. మడుగు మధ్యలో ఒంటికాలి మీదున్న వామనమూర్తి రెండో కాలు కూడా దించేశాడు.

"ఇక్కడ కాదర్రా, నా ఉద్యోగం పోతుంది," అన్నాడు.

కోతులు గంపలెత్తుకుని ఇంకా దిగువకు, పక్క అడవి సరిహద్దు దాటి వెళ్లాయి. అక్కడ ఇంకా కొంగను వేయలేదు.

మడుగు తేటపడింది. పోలమ్మ పిల్లలు అధికారి కాళ్ల సందుల్లోంచే చేపలు పట్టుకుంటున్నారు. అడవిలో అందరూ ఆమెను ఇప్పటికీ నీళ్లు పాడుచేసిన పోలమ్మ అనే పిలుస్తారు. ఆమె పలుకుతుంది.

నీతి: మీ గుమ్మం ముందు నీళ్లు తేటపడాలంటే, వాటిని పాడుచేసిన నేరం మీ మీదే పడేలా చూసుకోండి.