మాత్రలకు అడ్డొచ్చిన కొత్త ఇంటిపేరు

"ఉచితం! చీటీ కూడా అక్కర్లేదట!" పెనం మీది పాన్‌కేక్‌ను వదిలేసి అన్‌లీస్ ఫోను ఊపుతూ గెంతింది. రాష్ట్ర ఆరోగ్య బీమా నుంచి వచ్చిన సందేశం అది. మందుల షాపు అరలో దొరికే గర్భనిరోధక మాత్రల ఖర్చు ఇకపై బీమాయే భరిస్తుంది, డాక్టరు చీటీ లేకుండా.

పెళ్లయి మూడు వారాలు. ఆగస్టులో అన్‌లీస్ నర్సింగు కోర్సు మొదలవుతుంది. అది పూర్తయ్యే రెండేళ్లూ పిల్లలు వద్దని ఆమె, భర్త బ్రాడీ పెళ్లికి ముందే అనుకున్నారు. మాడిన పాన్‌కేక్ సైతం ఆ ఉదయం కమ్మగానే అనిపించింది.

మందుల షాపులో మాత్రలిచ్చే మిసెస్ రుడ్ కళ్లద్దాలు పైకి నెట్టింది. "బీమా కార్డు మీద అన్‌లీస్ హౌగెన్. డ్రైవింగు లైసెన్సు మీద అన్‌లీస్ క్వామ్. మీ ఇద్దరిలో ఎవరికమ్మా మాత్రలు?"

"ఇద్దరూ నేనే. పెళ్లయిందిగా! మీరొచ్చి కేకు తిన్నారు కూడా."

"నేను తిన్నా. కంప్యూటర్ తినలేదు. బీమా వాళ్లకు ఫోన్ చెయ్యి."

ఫోను హోల్డులో యాభై నిమిషాల వేణుగానం తర్వాత ఒక గొంతు పలికింది. అన్‌లీస్ కొత్త ఇంటిపేరు, అత్తవారి చిరునామా, ఇంటి ఫోను నంబరు మురిపెంగా చెప్పింది.

"పేరు మార్పుకు కారణం పెళ్లి అని రాస్తే ఆరు వారాలు పడుతుందండీ. గర్భం అని రాస్తే ఇవాళే పేరు మారిపోతుంది. తర్వాత దిద్దుకోవచ్చు. రాసెయ్యనా?"

అన్‌లీస్ కళ్లు అరలోని పెట్టె మీదే ఉన్నాయి. "రాసెయ్యండి!"

పేరు నిజంగానే మారింది. మిసెస్ రుడ్ మళ్లీ మీట నొక్కింది. తెర ఎర్రబడింది. "గర్భిణికి ఈ మాత్రలు ఇవ్వకూడదంటోంది."

"నేను గర్భిణిని కాదండీ!"

"మరి అయ్యావని చెప్పిందెవరు?"

"నేనే."

మళ్లీ ఫోన్, మళ్లీ వేణువు. ఈసారి ఇంకో గొంతు. "గర్భం లేదని డాక్టరు చీటీ తెస్తే దిద్దుతాం." చీటీ అక్కర్లేని మాత్రలకు చీటీ! గోడకేసి తల బాదుకుందామంటే గోడ నిండా దగ్గుమందులే.

ఇంటికొచ్చేసరికి అత్తగారు డార్లీన్ వంటింట్లో కళ్లు తుడుచుకుంటోంది. బల్ల మీద మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ పొగలు కక్కుతోంది. ఆ ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా వండేది అదే.

"బీమా వాళ్లు ఫోన్ చేశారు. శుభాకాంక్షలట," అంది డార్లీన్.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు బ్రాడీ, పాలిపోయిన మొహంతో.

అన్‌లీస్ జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "క్షమించండి అత్తయ్యా. బిడ్డా లేదు, ఏమీ లేదు. మీరేమో ఇంత సంతోషపడ్డారు..."

"సంతోషమా? ఇరవై రెండేళ్లకే ముగ్గుర్ని కన్నదాన్ని నేను! నీ చదువు గంగలో కలిసిందే అని ఏడుస్తున్నా." డార్లీన్ ఏప్రన్ విప్పి కుర్చీ మీదికి విసిరింది. "రేపు ఎనిమిదింటికి క్లినిక్‌కి పోతున్నాం. చీటీ తీసుకుని అటునుంచటే బీమా ఆఫీసుకి. నేనూ వస్తా. నువ్వు మాత్రం నోరు తెరవకు, మాట్లాడేది నేను."

ఆ మాత్రలు చేతికొచ్చేదాకా బ్రాడీ సోఫా మీద పడుకోవాలని కూడా ఆవిడే తీర్మానించింది.