కాదన్నవాడే ఏజెంటు

యుగేందర్ దుబాయిలో పదేళ్లు క్రేన్ నడిపి నెల్లికుదురు తిరిగొచ్చాడు. ఊళ్లో క్రేన్‌తో ఎత్తేంత బరువు ఎవరి దగ్గరా లేదు. చివరికి భూపాలపల్లి కాంట్రాక్టరు వెంకట్రాం ఫోన్లో ఒకసారి వచ్చి కనపడమన్నాడు. ఇదీ కుదరకపోతే మళ్లీ విమానం ఎక్కడమే.

పొద్దున్నే భార్య ప్రసూన అతనికి నల్ల కళ్లద్దాలు పెట్టి, చొక్కా మీద అత్తరు సీసా సగం వంపింది.

"గింతెందుకే? పోయేది పనికి, పెండ్లికి కాదు."

"దుబాయిల చేసినోడు దుబాయోని లెక్కనే కనవడాలె. ఫోన్ల నీ మొఖం సూస్కుంట బతుకుడు ఇగ నాతోని కాదు."

హనుమకొండలో బస్సు మారాడు. అతని కంటే ముందు అత్తరు సీటు పట్టింది. పక్కన కూర్చున్న ముసలామె తుల్సీబాయి గట్టిగా వాసన పీల్చింది.

"కొడుకా, దుబాయి పంపేటోనివా?"

"కాదవ్వా. నేనే పనికోసం పోతున్న."

"మొన్న మా తండాకొచ్చిన ఏజెంటు సుత కాదనే అన్నడు" అంటూ అల్లుడి ఫొటో అతని జేబులో పెట్టింది.

పోలీసుల భయానికి ఆ వైపు ఏ ఏజెంటూ తాను ఏజెంటునని ఒప్పుకోడు. యుగేందర్ కాదు కాదంటున్నకొద్దీ, టికెట్ డబ్బులు కండక్టరుకు చేరినట్టు, వెనక సీట్ల నుంచి ఫొటోలు చేతులు మారుతూ వచ్చాయి. భూపాలపల్లిలో అతని వెనకే సగం బస్సు దిగింది.

పని జరిగేచోటి గేటు దగ్గర గుంపును చూసి వెంకట్రాం అదిరిపోయాడు.

"ధర్నానా? ఏ యూనియనోనివి నువ్వు?"

"యూనియన్ కాదు సార్, క్రేన్ పనికొచ్చిన."

"మరి వీళ్లంతా?"

"నా వెంట వచ్చిండ్రు."

"యూనియనంటే గదే గద!"

"ధర్నా కాదయ్యా, దుబాయి!" అని తుల్సీబాయి అరిచింది. ఆ మాట లోపల క్రేన్ నడుపుతున్న సురేష్ చెవిన పడింది. ఎత్తిన ఇనుప పైపును గాలిలోనే వదిలేసి, దిగి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, నా ఫొటో సుత పెట్టుకో."

"అరేయ్, పైపు నా కొత్త కారు మీద ఊగుతుందిరా! ఎక్కు పైకి!"

"నేను దుబాయి పోతున్న సార్. ఇంకొకల్ని సూస్కోండ్రి."

వెంకట్రాం తల పట్టుకున్నాడు. యుగేందర్ కళ్లద్దాలు తీసి, ఫొటోలన్నీ తుల్సీబాయి కొంగులో పోసి, క్రేన్ ఎక్కాడు. పైపు కారును తాకకుండా పక్కకు జరిగి, మెల్లగా నేల మీద వాలింది.

వెంకట్రాం చెమట తుడుచుకున్నాడు. "రేపటి సంది పనికి రా. గా అత్తరు మాత్రం ఇంట్ల పెట్టిరా."

సురేష్ ఇప్పటికీ కొత్త సూట్‌కేసుతో గేటు దగ్గర నిలబడి వీసా సంగతి అడుగుతుంటాడు. తాను ఏజెంటును కానని యుగేందర్ చెప్పినప్పుడల్లా అతనికి నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది.