నిఘంటువులో లేని సెలవు

"ప్రజలు పలికే ప్రతి మాటా మా నిఘంటువులో ఉంటుంది. మా నిఘంటువులో లేని మాట ప్రజలు పలకరు!"

నిఘంటు కార్యాలయం గుమ్మం మీద ఈ మహావాక్యం జానెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది. అక్కడి ప్రధాన సంపాదకుణ్ణి ఆఫీసంతా పెద్దాయన అంటారు. ఆయన ఈ వాక్యాన్ని రాయించి ఊరుకోలేదు, సర్క్యులర్ కూడా జారీ చేశారు. ఉద్యోగులు పెట్టే ఏ అర్జీలోనైనా మన నిఘంటువులో ఉన్న మాటలే వాడవలెను. లేని మాట కనిపిస్తే అర్జీ వెనక్కి వచ్చేస్తుంది.

తొమ్మిదేళ్లుగా అక్కడ అచ్చుతప్పులు ఏరుతున్న ప్రూఫులమ్మకు ఆ సర్క్యులర్‌తో ఎన్నడూ పేచీ రాలేదు. ఐదో నెలలో గర్భస్రావమై, ఆరు వారాలు ఇంట్లో ఉండి, తిరిగొచ్చి సెలవు అర్జీ పెట్టాకే వచ్చింది.

సెలవుల గుమాస్తా అర్జీ చదివి, నిఘంటువు తెరిచి, వేలు తడి చేసుకుని పుటలు తిప్పాడు.

"గర్భవతి తర్వాత గర్భాశయం ఉందమ్మా. మధ్యలో మీరు రాసిన మాట లేదు."

"పోనీ, కడుపు పోయిందని రాయనా?"

"కడుపు ఉంది, పోవడమూ ఉంది. కానీ విడివిడిగా ఉన్నాయి. వాటిని కలిపే అధికారం నాకు లేదు." గుమాస్తా మంచివాడే. గొంతు తగ్గించి ఉపాయం కూడా చెప్పాడు. "జ్వరమని రాసెయ్యండి. పది రోజులు కళ్లు మూసుకుని ఇస్తారు."

"నాకు జ్వరం రాలేదు కదండీ. అయినా మిగతా నెల రోజుల మాటేమిటి?"

"అనుమతి లేని గైర్హాజరు. నెలాఖరుకి పర్మనెంటు చేసేవాళ్ల జాబితా వెళ్తోంది. అందులోంచి మీ పేరు కొట్టేస్తారు."

ప్రూఫులమ్మకు అక్కడ నవ్వొచ్చింది. ఏడుపు ఇంటికి వెళ్లాక వచ్చింది. తొమ్మిదేళ్లు చేసిన ఉద్యోగం ఇక పర్మనెంటు కాదన్న బెంగ ఒకటి, ఆ ఐదు నెలలను జ్వరంగా మార్చుకోవాలా అన్న బాధ ఇంకొకటి.

ఆ మాట నిఘంటువులో లేకపోవడం వెనక ఒక చరిత్ర ఉంది. అచ్చుకు ముందు ప్రతి పుటనూ పెద్దాయన సభ్యులందరి ఎదుటా పైకి చదవాలన్నది ఆ ఆఫీసు ఆనవాయితీ. చదివిన మాట అచ్చుకు వెళుతుంది, చదవనిది పక్కన పడిపోతుంది. గర్భవతి దాటగానే ఆయనకు దగ్గు వస్తుంది. మంచినీళ్లు తెప్పించుకుంటారు. గ్లాసు కింద పెట్టేసరికి గర్భాశయం దగ్గర ఉంటారు. ఇప్పటికి మూడు ముద్రణలు, మూడు గ్లాసులు అయ్యాయి.

మర్నాడు ప్రూఫులమ్మ నేరుగా ఆయన గదికే వెళ్లింది.

"చూడమ్మా," అన్నారాయన కిటికీ వైపు చూస్తూ, "అటువంటివి మర్యాదస్తుల ఇళ్లలో వాడే మాటలు కావు. మాట చేరాలంటే వాడుక ఉండాలి. నియమం తెలుసుగా? ముగ్గురు మనుషులు సొంత జీవితంలోంచి తలా ఒక చీటీ రాసి సంతకం పెట్టాలి. తీసుకురా, చదువుతాను."

ఎవరిస్తారులే అన్న ధీమా ఆయనది. ఆ నియమం పెట్టింది ఆయనే, మొదట పాటించిందీ ఆయనే. 'జ్వరం' కింద ఆయన రాసిన వాక్యం కొత్తగా చేరినవాళ్లందరికీ పాఠం: "మా ఆవిడకు నెల రోజులుగా జ్వరం, చూడటానికి ఎవరూ రానక్కరలేదు." ఎంత క్లుప్తం, ఎంత సహజం అని సభ్యులు ఇప్పటికీ తలలూపుతారు.

ప్రూఫులమ్మ మొదటి చీటీ తనదే రాసుకుంది. "ఐదో నెలలో నాకు గర్భస్రావమైంది; పేరు కూడా అనుకున్నాం." రెండోది ఆఫీసు ఊడ్చే అమ్మ చెప్పి రాయించి, వేలిముద్ర వేసింది. "నాకు రెండుసార్లు గర్భస్రావమైంది, రెండోసారి మూడోనాడే పనిలోకొచ్చా." మూడో చీటీకి వచ్చింది చిక్కు. టైపు గదిలో, లైబ్రరీలో, పక్క ఆఫీసులో కలిపి ఎనిమిది మంది "నాకూ అయింది" అన్నారు. "సంతకం మాత్రం అడక్కు తల్లీ" అనీ అన్నారు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం పెద్దాయన భార్య వచ్చింది. ఆయన కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోవడం, ఆవిడ తెచ్చివ్వడం రోజూ ఉండేదే. ప్రూఫులమ్మ బల్ల మీద చీటీలు చూసి ఆగింది.

"ఇవేంటమ్మా?"

ప్రూఫులమ్మ అంతా చెప్పింది.

"మూడుంటే చదువుతానన్నారా?"

"అన్నారండీ."

"అయితే కలం ఇలా ఇవ్వు." నిలబడే నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి, చీటీని బోర్లా తిప్పింది. "అద్దాలు కూడా నువ్వే పట్టుకెళ్లు. కనిపించలేదంటారేమో."

కాసేపటికి చీటీలు వినడానికి సభ్యులు కూర్చున్నారు. మొదటి చీటీకి పెద్దాయన దగ్గారు, నీళ్లు తాగారు, దగ్గుతూనే చదివారు. రెండోది గబగబా చదివేశారు. అదే ఊపులో మూడోది అందుకున్నారు. చేతిరాత పోల్చుకునేలోపే నోరు చదివేసింది.

"పెళ్లయిన నాలుగో ఏట నాకు గర్భస్రావమైంది. మా ఆయన అందరితో జ్వరమని చెప్పి, ఆ జ్వరాన్ని నిఘంటువులోకి కూడా ఎక్కించారు."

ఈసారి దగ్గు రాలేదు. సభ్యులు ఎవరి గోళ్లు వాళ్లు చూసుకున్నారు.

"సంతకం కూడా చదవాలండి, నియమం," అన్నాడు గుమాస్తా మెల్లిగా.

"మా ఆవిడది," అన్నారు పెద్దాయన. చాలాసేపు అద్దాలు తుడుచుకుని, సెలవు అర్జీ తెప్పించుకుని సంతకం పెట్టారు.

"మరి జ్వరం కింద ఉన్న వాక్యం ఏం చేయమంటారండీ?" అని అడిగాడు గుమాస్తా.

"తీసెయ్యండి. ఆ జ్వరం ఎవరికీ రాలేదు."

సాయంత్రం జాబితా ప్రూఫులమ్మ పేరుతోనే వెళ్లింది. నాలుగో ముద్రణలో ఆ మాట తన చోట తాను కూర్చుంది. ఆ వారంలోనే సెలవుల గుమాస్తా బల్ల మీదికి పదకొండు అర్జీలు వచ్చాయి. పాత సెలవుల్లో జ్వరమని రాసినచోట సరిదిద్దమని కోరుతూ అన్నిటికిందా సంతకాలున్నాయి. ఆ ఏడాది నుంచి ఆ ఆఫీసు ఆడవాళ్లకు జ్వరాలు బాగా తగ్గిపోయాయి.