వినోద్ కుమార్ గట్టి వైర్లు

తెనాలి కరెంటాఫీసులో పనిచేసే వినోద్ కుమార్‌కి లోకంలో రెండే రెండు సరిపడవు. ఒకటి, స్టీలు డబ్బాలు. రెండు, బాపట్లలో ఉండే తోడల్లుడు వెంకట్.

వెంకట్ కిందటేడు గృహప్రవేశం చేసి, వచ్చినవాళ్లందరికీ తలా ఒక గోడ గడియారం ఇచ్చాడు. గడియారం మధ్యలో భార్య చందనతో కలిసి తీయించుకున్న ఫోటో వేయించాడు. అప్పటినుంచి వినోద్ ఏ చుట్టాల ఇంట్లో టైము చూడాలన్నా ముందు వెంకట్ మొహం చూడాల్సి వస్తోంది.

ఇప్పుడు అంగలకుదురులో వినోద్ ఇల్లు పూర్తయింది. శంకుస్థాపననాడు అతని తల్లి మాణిక్యమ్మ ఉంది. స్లాబు వేసేనాటికి లేదు. ఏడాది తిరిగేదాకా శుభకార్యం వద్దని పెద్దలన్నారు. అలాగే ఆగారు. ఇక తల్లి తరపు చుట్టాలంతా వస్తారు. మాణిక్యమ్మ కొడుకు ఎలా చేశాడో చూసి వెళతారు. ఆవిడ లేదు కనక మరింత పట్టి చూస్తారు. వినోద్ బెంగంతా అదే.

“వచ్చినవాళ్లకి ఏమిద్దాం?” అన్నాడు భార్యతో.

సుజన హైస్కూల్లో టీచరు. ఒక మాట రెండోసారి చెప్పదు. రెండోసారి చూస్తుంది, అంతే.

“ఆలోచించడానికేముందండీ? స్టీలు డబ్బాలు. అత్తయ్యగారైతే అవే ఇచ్చేవారు. మంచి గేజివి, మూత గట్టిగా పట్టేవి.”

“డబ్బాలా! అమ్మ కొన్న డబ్బాలు పెట్టుకోడానికే ఈ ఇంట్లో ఒక గది ఎక్కువ కట్టించాను.”

అందులో అబద్ధం లేదు. మాణిక్యమ్మకి సామాను కొనడం ఒక ఎత్తు, కొన్నదాని మీద పేరు కొట్టించడం ఒక ఎత్తు. చెంబుల మీద కొట్టించింది, గరిటెల మీద కొట్టించింది, ఇడ్లీ రేకుల్లో ఒక్కో గుంటకీ కొట్టించింది. చిన్నప్పుడు వినోద్ తినే ఇడ్లీ మీద అమ్మ పేరు తిరగబడి అచ్చుపడేది.

“ఇది ఫోన్ల కాలం, సుజనా. ఏ ఇంట్లో చూసినా ఛార్జింగ్ వైర్ల గోలే. మూణ్ణెల్లకొకటి పోతోంది. అసలు చావని వైరు ఇస్తే మనల్ని జన్మలో మరిచిపోరు.”

సుజన చూసింది. వినోద్ చూడలేదు.

వైర్లు అమ్మే పెద్దమనిషి విజయవాడ నుంచి స్వయంగా వచ్చాడు. ఆయన అసలు పేరేమిటో గానీ, ప్రతి మాటకీ చివర “లైఫ్‌టైం సార్” అనేవాడు కనక ఆ ఇంట్లో ఆయన లైఫ్‌టైం గారే అయిపోయాడు. ఎర్రటి వైరు, పైన తాడులా గట్టి అల్లిక, కొసకి వేలాడే బిళ్ల. ఆ బిళ్ల మీద ఏ పేరు కావాలంటే ఆ పేరు అచ్చువేయించి ఇస్తాడట.

“ఇలా వంచండి సార్. మెలేయండి. లాగండి. లైఫ్‌టైం సార్.”

“ఎవరి లైఫ్‌టైం అండీ?” అంది సుజన, కాఫీ గ్లాసు ఇస్తూ.

“వైరుదేనమ్మా. వైరు ఉన్నన్నాళ్లూ గ్యారంటీ.”

వినోద్‌కి ఆ హామీ బాగా నచ్చింది. లైఫ్‌టైం గారు పెరట్లోకి నడిచి, రెండు ఇటుకలకి వైరు కట్టి పైకెత్తి చూపించాడు. వినోద్ మూడో ఇటుక కూడా కట్టి తనే ఎత్తాడు. వైరు చెక్కుచెదరలేదు. తన నడుం మాత్రం కలుక్కుమంది.

“చూశావా?” అన్నాడు నడుం పట్టుకుని.

“చూశాను. మన ఫోన్లలోకి ఇటుకలు ఎక్కించాలా?” అంది సుజన.

గృహప్రవేశం బ్రహ్మాండంగా జరిగింది. భోజనాలయ్యాక వినోద్ షామియానా గుంజకి ఎర్ర వైరు కట్టి, దానికి నిండు నీళ్ల క్యాను వేలాడదీశాడు. క్యాను అటూ ఇటూ ఊగింది గానీ వైరు తెగలేదు. జనం చప్పట్లు కొట్టారు. వెంకట్ కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

“ఛార్జింగ్ కూడా అవుతుందా నాయనా?” అని ముందు వరసలో ఓ పెద్దాయన అడిగాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వినోద్.

వెళ్లేటప్పుడు ఆ వైపు ఇళ్లలో ఎప్పుడూ జరిగేదే జరిగింది. ఆడవాళ్లు లోపలి గదిలోకి వెళ్లారు. సుజన వాళ్లకి బొట్టు పెట్టి తాంబూలం సంచులు ఇచ్చింది. మగవాళ్లు గేటు దాకా వచ్చారు. అక్కడ వినోద్ నిలబడి, అట్టపెట్టెలోంచి తీసి వైర్లు పంచాడు. ఒక్కో వైరుకీ ఒక్కో బిళ్ల. బిళ్ల మీద అందమైన అక్షరాలతో ‘వినోద్ కుమార్ ఇంటి కానుక’ అని ఉంది.

ఆ పూట అతను గేటు దగ్గర నిలబడిన తీరు చూస్తే, ఊరికి కరెంటు తెచ్చింది అతనే అనుకుంటారు ఎవరైనా.

వారం తిరగకుండానే ఫోన్లు మొదలయ్యాయి.

“బాబాయ్, రాత్రంతా నీ వైరు పెట్టి పడుకున్నా. పొద్దున చూస్తే ముందున్న ఛార్జింగు కూడా లేదు.”

“బావా, పెట్టినప్పుడు ఎక్కుతుంది. చెయ్యి తీస్తే ఆగిపోతుంది. చెయ్యి తీయకుండా పడుకోడం ఎలాగో చెప్పు.”

ఆఫీసులో పైఅధికారి పిలిచి, “వినోద్, నీ వైరు నమ్ముకుంటే అలారం మోగలేదయ్యా. ఇంతమందికి కరెంటు ఇస్తున్నాం, నా ఒక్క ఫోనుకి ఇవ్వలేకపోయావే!” అన్నాడు.

చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో చచ్చిన వైరు ఫోటో పెట్టారు. బిళ్ల మీద పేరు స్పష్టంగా కనిపిస్తోంది. ఫోటో కింద వెంకట్ పూలదండ బొమ్మ పెట్టాడు.

వినోద్ ఒక వైరు తెచ్చి కత్తితో కోశాడు. పైన తాడు, దాని కింద రబ్బరు, లోపలెక్కడో వెంట్రుకంత రాగి. అంత లావు వైరులో కరెంటు పోడానికి వదిలిన దారి అంతే. లైఫ్‌టైం గారికి ఫోన్ చేశాడు. ఆ నంబరుకి లైఫ్‌టైం అయిపోయింది.

“అమ్మ పోయాక ఈ ఇంట్లో మొదటి శుభకార్యం. అందరికీ చెత్త పంచినవాణ్ణయ్యాను,” అన్నాడు గుమ్మంలో కూర్చుని.

ఈసారి నవ్వు లేకుండా అన్నాడు. సుజన ఏదో చెప్పబోయి ఆగింది. అతనికి మరో ఉపాయం తోచింది మరి.

నమ్మకమైన కొట్లో మంచి వైర్లు కొన్నాడు. ఒక్కొక్కటీ తన ఫోనుకి పెట్టి చూసి, ఛార్జింగు అంకె పెరిగాకే సంచిలో వేసుకున్నాడు. చుట్టాల ఇళ్లకి వెళతాడు. ఎవరూ చూడకుండా చచ్చిన వైరు తీసేసి, బతికున్నది పెట్టేస్తాడు. ‘అరె, మళ్లీ పనిచేస్తోందే!’ అనుకుంటారు వాళ్లు.

“వెళ్లి మార్చి ఇస్తే పోయేదానికి దొంగతనం ఎందుకండీ?” అంది సుజన.

“ఇది దొంగతనం కాదు. నేను ఇచ్చే వస్తున్నాగా!”

మొదట బాపట్ల వెళ్లాడు. వెంకట్ బజారుకి వెళ్లాడని తెలిసి ప్రాణం లేచొచ్చింది. కాళ్లు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లాడు. అక్కడ కనిపించింది ఎర్ర వైరు, సొరపాదు పందిరికి. రెండు రాటలకి మెలివేసి, బారెడు పాదుని మోస్తోంది. వినోద్ స్టూలెక్కి ముడి విప్పసాగాడు. పందిరి ఒక పక్కకి ఒరిగింది. సొరకాయ ఒకటి అతని వీపు మీదుగా జారి నేల మీద పడింది.

“సొరకాయ కావాలంటే నన్నడగొచ్చుగా బావగారూ!” అంది చందన, వంటింటి గుమ్మంలోంచి.

“కాదమ్మా, ఈ వైరు…”

“అయ్యో, అది తీయకండి. నైలాను తాడు రెండుసార్లు తెగింది. ఇదే ఆగింది. అక్కిచ్చింది వంటింట్లో వాడుతున్నా, మీరిచ్చింది పెరట్లో వాడుతున్నాం. దేనికదే బాగుంది.”

అక్కిచ్చిందేమిటో అతను అడగలేదు. పందిరి పట్టుకుని నిలబడ్డవాడికి ప్రశ్నలు తోచవు. వెంకట్ వచ్చేదాకా అలాగే పట్టుకున్నాడు.

మర్నాడు రేపల్లె ప్యాసింజరెక్కాడు. అక్కడ తల్లికి చెల్లెలు కనకదుర్గ ఉంది. మాణిక్యమ్మ తర్వాత ఆ వంశంలో మంచీచెడ్డా తేల్చేది ఆవిడే. ఆవిడ ‘ఛీ’ అంటే ఇక ఛీయే.

పిన్ని కునుకు తీస్తోంది. హాల్లో వెంకట్ గడియారం ఆగిపోయి ఉంది. అది చూసి వినోద్‌కి కాస్త ధైర్యం వచ్చింది. వైరు ఇంట్లో ఎక్కడా లేదు. చివరికి వెనక గేటుకి కనిపించింది. గొళ్లెం ఊడిన గేటుని నాలుగు చుట్లు చుట్టి ముడివేశారు. బిళ్ల బయటికి వేలాడుతూ, దారినపోయేవాళ్లందరికీ వినోద్ కుమార్ కానుకని చూపిస్తోంది.

ముడి విప్పాడు. గేటు తెరుచుకుంది. దాని అవతల పక్కింటి మేకలు ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉన్నాయో గానీ, అన్నీ ఒక్కసారే లోపలికి వచ్చాయి. పెరటి నిండా చీర పరిచి పెట్టిన గుమ్మడి వడియాలున్నాయి.

“హుష్! హే! పోండే!” అని వినోద్ చేతిలోని ఎర్ర వైరు ఝళిపించాడు. ఒక మేక వైరు రెండో కొస నోట కరుచుకుంది. ఇతను లాగాడు. అది లాగింది. వైరు తెగలేదు. వినోదే వడియాల మీద పడ్డాడు.

“ఒరే వినోదూ! ఏంట్రా ఇది? తెనాలి నుంచి మేకలు కాయడానికొచ్చావా?”

పిన్ని కర్ర పుచ్చుకుని మేకల్ని తోలింది. తనే గేటు మూసి, తనే వైరు చుట్టి ముడివేసింది. వినోద్ వడియాల పిండితో లేచి, ఇక దాచలేక అంతా చెప్పేశాడు.

“మంచివి తెచ్చా పిన్నీ. తీసుకో. అమ్మ ఉంటే ఇలా జరగనిచ్చేది కాదు. అందరి దగ్గరా తలవంపులు తెచ్చాను.”

“తలవంపులేంట్రా? మీ ఇంట్లో పుచ్చుకున్నంత మంచి కానుక ఈ మధ్య ఎవరింట్లోనూ పుచ్చుకోలేదు. వారం నుంచి వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నా.”

“ఈ వైరునా?”

“వైరెవడిక్కావాల్రా!”

పిన్ని లోపలికి వెళ్లి, ఒక స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. మూత అంత తేలిగ్గా రాలేదు. లోపల సున్నుండలున్నాయి. ఒకటి అతని చేతిలో పెట్టి, డబ్బాని పక్కకి తిప్పింది.

‘మాణిక్యమ్మ గారి జ్ఞాపకార్థం’ అని ఉంది. చుక్కలు చుక్కలుగా, లోతుగా, ఇంట్లో గరిటెల మీద ఉన్న అక్షరాల్లాగే.

“నీ పెళ్లాం తాంబూలం సంచీలో పెట్టింది, ఆడవాళ్లందరికీ. నీకు తెలీదూ?”

వినోద్ సున్నుండ చాలాసేపు నమిలాడు. మింగుడుపడడానికి టైము పట్టింది.

సాయంత్రానికి ఇల్లు చేరాడు. సుజన వరండాలో పేపర్లు దిద్దుతోంది.

“నాకెందుకు చెప్పలేదు?”

“ఇటుకలు ఎత్తినరోజే స్టీలు సామాను కొట్టుకి వెళ్లొచ్చానండీ. చెబితే మీరు డబ్బాని కూడా షామియానాకి వేలాడదీసేవారు.”

“మొన్న గుమ్మంలో కూర్చుని ఏడ్చినంత పని చేశాను. అప్పుడైనా…”

“అప్పుడు చెప్పబోయాను. మీరు దొంగతనానికి బయల్దేరారు.”

అతను వంటింట్లోకి వెళ్లి చూశాడు. గట్టు మీద అలాంటి డబ్బా ఒకటి ఉంది. ఇన్నాళ్లూ రోజూ అందులోంచే కాఫీలో పంచదార వేసుకున్నాడు. ఇంట్లో అన్నిటి మీదా ఉండే పేరే గదా అని ఒక్కనాడూ చూడలేదు. బొటనవేలితో అక్షరాలు ఒకసారి తడిమాడు. మూత పెట్టి నొక్కాడు. టక్కుమని పట్టింది.

ఫోను మోగింది. వెంకట్.

“అన్నయ్యగారూ, ఆ ఎర్ర వైర్లు ఇంకేమైనా మిగిలాయా? పొట్ల పందిరి వేస్తున్నాం. పక్కింటివాళ్లు కూడా అడుగుతున్నారు. అంత గట్టివి బజార్లో దొరకటం లేదు.”

వినోద్ భార్య వైపు చూశాడు. ఆవిడ పేపర్ల మీంచి తల ఎత్తలేదు గానీ, ఎర్ర పెన్ను ఆగింది.

“ఉన్నాయి తమ్ముడూ, పంపిస్తా,” అన్నాడు వినోద్ కుమార్ గొంతు సవరించుకుని. “మా ఇంట్లో ఏదిచ్చినా గట్టిదే ఇస్తాం.”