‘ఇకపై’ అంటే ఏమిటి?

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి అతను ప్రెస్సు గోడౌనుకు వెళ్ళాలి. పదింటికి సభ. పన్నెండింటికల్లా తిరిగొచ్చి, ఆమెతో కలిసి కిటికీలకు కొత్త తెరలు కట్టాలి. పెళ్ళయి నలభై ఒక్క రోజులు. ఇలా రోజులు లెక్కపెట్టడం మానేద్దామని ఆమె రోజూ అనుకుంటుంది. రోజూ లెక్కపెట్టాకే అనుకుంటుంది.

అతను ప్రూఫ్ రీడరు. కామా కనబడితే ఆగి ఊపిరి పీల్చుకుంటేగాని ముందుకు కదలడని ప్రెస్సు వాళ్ళు అతనికి కామా అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు ఎంత నచ్చిందంటే, అసలు పేరు పెళ్ళి శుభలేఖతోనే ఆగిపోయింది. తలుపు తగిలితే తలుపుకే సారీ చెప్పే మనిషి.

అలాంటివాడు నెల రోజులుగా ఒక పని నెత్తికెత్తుకున్నాడు. ప్రెస్సులో కాగితాలు మడతపెట్టే ఒకామె ఒకరోజు కమిలిన ముఖంతో పనిలోకి వచ్చింది. అందరూ చూశారు. ఎవరూ అడగలేదు. ఆ అడగనివాళ్ళలో తనూ ఉన్నానన్నది కామాకు గొంతులో ముల్లయింది. “చెయ్యెత్తేది మగవాడైతే, ఆ చెయ్యి పట్టుకోవాల్సిందీ మగవాడేగా” అంటూ ప్రెస్సులోనూ వీధిలోనూ తిరిగి నలభై మందిని కూడగట్టాడు. ఇవాళే మొదటి సభ. ఇది నీరుగారిపోతే ఆ నలభై మంది మళ్ళీ రారని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ప్రతిజ్ఞ కార్డులు కూడా అచ్చయ్యాయి. ఒకటి ఫ్రిజ్ తలుపుకు అంటించి, దాని ముందు నిటారుగా నిలబడి చదివాడు. “నేను ఇకపై ఏ స్త్రీ మీదా చెయ్యి చేసుకోను. చేసుకునేవాణ్ణి చూస్తూ ఊరుకోను.”

“ఇంకాస్త గొంతు పెంచు. వీధి చివరిదాకా వినపడాలి” అంది ఆమె.

అంత దూరం అక్కర్లేకపోయింది. గుమ్మం దాకా వినపడితే చాలింది. కుట్టిన తెరలు ఇచ్చిపోదామని వచ్చిన ఆమె పెద్దమ్మ చెప్పులు విప్పబోయి ఆగిపోయింది. “రండి పెద్దమ్మగారూ, వస్తాను పెద్దమ్మగారూ” అని ఒకే ఊపిరిలో అనేసి, కార్డుల పెట్టె చంకన పెట్టుకుని కామా వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, కార్డు రెండుసార్లు చదివింది.

“ఇకపై కొట్టడా?”

“కొట్టడు పెద్దమ్మా.”

“మరి ఇంతవరకూ?”

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. నవ్వుతూ చెయ్యి ఊపేసరికి మోచేతి మీది నీలం మచ్చ పెద్దమ్మ కళ్ళబడింది.

“ఇదేంటి?”

“అలమరా తలుపు తగిలింది.”

పెద్దమ్మ నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చుంది. “వార్డులో ముప్ఫై ఏళ్ళు ఈ తలుపు సంగతే విన్నాను తల్లీ. ఈ అలమరాలేమిటో, ఆడవాళ్ళని తప్ప ఎవర్నీ కొట్టవు.”

“ఒట్టు పెద్దమ్మా. తను చాలా మంచివాడు.”

“అందరూ అదే అంటారు.”

“నేను సంతోషంగా ఉన్నాను.”

“అదీ అంటారు.”

పెద్దమ్మ వెంటనే ఆమె బాబాయికి ఫోన్ చేసింది. “అమ్మాయి చేతికి దెబ్బ తగిలింది. ప్రెస్సు గోడౌనుకు రా” అన్నది ఆవిడ చెప్పిన మాట. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. డిపోలో ఇంజన్ల రొదలో ఆ దెబ్బ కాస్తా విరిగిన చెయ్యి అయింది. తోటి డ్రైవర్లు ముగ్గుర్ని ఎక్కించుకునేసరికి అది రెండు చేతులయింది.

ఈలోగా పెద్దమ్మ గోడౌను వైపు వీధి మలుపు తిరిగిపోయింది. నోటిమాటతో ఇది తేలేది కాదని ఇంట్లో మిగిలిన ఆమెకు అర్థమైంది. పడకగదిలోకి వెళ్ళింది. అలమరాని బిగించింది స్వయానా కామాయే. అతనికి అక్షరాల మీద ఉన్న పట్టు మరల మీద లేదు. రెండు మరలు తిప్పగానే తలుపు ఊడి చేతికొచ్చింది. దాన్ని నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

గోడౌనులో నలభై మంది కాగితం రీముల మీద కూర్చుని కార్డుల మీద సంతకాలు పెడుతున్నారు. కామా స్టూలెక్కి ఉన్నాడు. పెద్దమ్మ తిన్నగా అతని ముందుకొచ్చి నిలబడింది.

“బాబూ, ఒక్క మాట. ‘ఇకపై’ అంటే ఏమిటి?”

నలభై తలలు కార్డుల మీదికి వంగాయి. ముందుగా లేచింది మెషిన్ నడిపే మీసాలాయన. “అవునయ్యా కామా, నేను పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ కొట్టలేదు. నాకెందుకు ఈ ఇకపై? పైగా సంతకం కూడా పెట్టాను.”

“మా ఆవిడ చూస్తే నా గతేంకాను?” అన్నాడు వెనకనుంచి ఇంకొకాయన. ఒకరి వెనక ఒకరు లేవడం మొదలుపెట్టారు.

కామా ముఖం కాగితంలా పాలిపోయింది. “ఎనిమిదిసార్లు చూశానండీ. దీర్ఘాలు చూశాను, వత్తులు చూశాను. మన దగ్గర ఏ నోటీసైనా అలాగే మొదలవుతుంది కదా. ఇకపై ఆదివారాలు సెలవు, ఇకపై ఇక్కడ వాహనాలు నిలపరాదు... అలవాటుకొద్దీ రాసేశాను.” జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆ గోలలో వినపడాలని గొంతు చించుకుని అరిచాడు. “వెళ్ళకండి! అందరూ ఇకపై కొట్టెయ్యండి!”

సరిగ్గా అప్పుడే బాబాయి గుమ్మంలో అడుగుపెట్టాడు.

“విన్నావా వదినా? మీటింగు పెట్టి మరీ నేర్పుతున్నాడు” అంటూ వెళ్ళి కామా చొక్కా పట్టుకున్నాడు. డ్రైవర్లు ముగ్గురూ చొక్కా చేతులు పైకి మడిచారు.

“బాబాయ్, ఆ చొక్కా వదిలి ఈ తలుపు పట్టుకో. బరువుగా ఉంది.”

తలుపు మోసుకొస్తున్న అమ్మాయిని బాబాయి ఎగాదిగా చూశాడు. “నీ రెండు చేతులూ విరిగాయన్నారే?”

“విన్నవాళ్ళని చెవులు చూపించుకోమను.”

పెద్దమ్మ తలుపు నిలబెట్టించింది. అమ్మాయి మోచెయ్యి తెచ్చి గొళ్ళెం పక్కన ఆనించింది. మచ్చా గొళ్ళెమూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. “సరే. తలుపే” అంది. తర్వాత కామా వైపు తిరిగింది. “అడిగినందుకు క్షమించమని మాత్రం అడగను బాబూ.”

“అడగొద్దండి” అన్నాడు కామా చొక్కా సర్దుకుంటూ. “మీకు మచ్చ కనబడింది, అడిగారు. నెల కిందట ప్రెస్సులో మాకు కనబడినా అడగలేదు. ఈ సభ అందుకే.”

లేచినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చున్నారు. ఎర్ర పెన్ను చేతులు మారసాగింది. మీసాలాయన ఆ మాట మీద మూడు గీతలు గీసి పక్కకి అందించాడు. పక్కన బైండింగు చేసే ఆయన. రోజుకు రెండు మాటలు మాట్లాడితే ఎక్కువ. పెన్ను అతని చేతిలో ఆగిపోయింది.

“కొట్టెయ్ అన్నా” అన్నాడు మీసాలాయన.

“నాది ఉండనీ” అన్నాడతను.

పెద్దమ్మ వెళ్ళి అతని పక్కన రీము మీద కూర్చుంది.

“మీ ఆవిడ ఎలా ఉంది?”

“ఇంట్లో ఉందండి.”

“ఎక్కడుందని అడగలేదు.”

అతను ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు.

“నేనిప్పుడు మీ ఇంటికి వెళ్తున్నాను. నాతో వస్తానంటే ఆవిడని తీసుకెళ్తాను. నువ్వు ఇక్కడే కూర్చోవాలి. కార్డు మీద సంతకం పెట్టానని చెప్పి ఆవిడ దగ్గర మెప్పులు అడగకూడదు.”

“కూర్చుంటాడు” అన్నాడు బాబాయి, తలుపు గోడకి ఆనించి అతనికి రెండో పక్కన చేరుతూ. “మేమూ కూర్చుంటాం. ఇవాళ్టికి నా డ్యూటీ అయిపోయింది.”

డ్రైవర్లు కూడా తలా ఒక రీము చూసుకున్నారు. పెద్దమ్మ అమ్మాయిని వెంటబెట్టుకుని బయల్దేరింది. గుమ్మం దాటుతూ ఆమె వెనక్కి తిరిగి చూసింది. స్టూలు దిగిన కామా బైండింగు ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, ఏదో అడిగి, జవాబు కోసం ఆగి ఉన్నాడు. అంత ఓపిగ్గా ఆగే మనిషి తనవాడన్న సంతోషంలో వీధిలో ఆమెకు రెండుసార్లు అడుగు తడబడింది. ఆ రోజు కిటికీలకు తెరలు కట్టనేలేదు.

పై ఆదివారానికి కామా రెండు రకాల కార్డులు అచ్చు వేయించాడు. ముందుగా అయిపోయినవి ‘ఇకపై’ ఉన్నవే.